వారానికి 18 గంటల పని, 5 సబ్జెక్టులు, 2 ల్యాబులు: చదువుకునే టైమ్ ఎక్కడ పోతోంది?

కొత్తకొమ్మ

నమస్కారమండీ. డిగ్రీ రెండో ఏడాది, సైన్స్. థియరీ సబ్జెక్టులు 5, ఒక్కోదానికి వారానికి 3 గంటల క్లాసు. ల్యాబులు రెండు, బుధవారం, శుక్రవారం పొద్దున 8:30 నుంచి 11:30 దాకా. సోమ, మంగళ, గురువారాల్లో క్లాసులు 10కి మొదలవుతాయి. మామూలు రోజుల్లో సాయంత్రం 3:30కి, శనివారం ఒంటిగంటకి అయిపోతాయి. ఇంటికీ కాలేజీకీ అరగంట.

పని ఒక దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర. వారానికి నాలుగు షిఫ్టులు, ఒక్కోటి నాలుగున్నర గంటలు. మంగళ, గురు, శనివారాల్లో సాయంత్రం 5:30 నుంచి రాత్రి 10 వరకు, ఆదివారం 11 నుంచి 3:30 వరకు. ఇంటి నుంచి దుకాణానికి 40 నిమిషాలు. షిఫ్టుకి పావుగంట ముందు ఉండాలి. అయ్యాక క్యాష్ లెక్క చూసి అప్పజెప్పేసరికి ఇంకో 20 నిమిషాలు.

లెక్కలు, ఫిజికల్ కెమిస్ట్రీ కష్టంగా ఉన్నాయి. ల్యాబ్ రికార్డులో మూడు ప్రయోగాలు రాయకుండా ఉండిపోయాయి. బుధ, శుక్రవారాల సాయంత్రాలు ఖాళీయే, కానీ పుస్తకం తెరిచిన పావుగంటకే కళ్ళు మూతలు పడతాయి. పని మానే పరిస్థితి లేదు, వారానికి 14 గంటల జీతం కంటే తగ్గితే ఖర్చులు వెళ్ళవు. టర్మ్ ఇంకా 14 వారాలుంది, అందులో చివరి మూడు పరీక్షలవి.

అసలు 18 గంటలు ఎక్కువా, లేక నేనే సర్దుకోలేకపోతున్నానా? మేనేజర్‌ని ఏమని అడగాలి? షిఫ్టు నుంచి వచ్చాక ఏం చదివితే ఉపయోగం? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల కాపీ

ముందు గంటల లెక్క తేల్చుకుందాం. చాలామంది ఇక్కడే పొరపడి, తప్పంతా తమ బద్ధకం మీదకి నెట్టుకుంటారు.

వారానికి 168 గంటలు. రోజుకి ఏడున్నర గంటల నిద్ర చొప్పున 52.5 పోతాయి. క్లాసులు, ల్యాబులు కలిపి 21. కాలేజీ ప్రయాణం ఆరు రోజులకి 6. తిండి, స్నానం, బట్టలు, ఇంటిపని రోజుకి రెండున్నర చొప్పున 17.5. సొంత చదువుకి చాలా విశ్వవిద్యాలయాల క్రెడిట్ల లెక్కలో ఒక కొలత ఉంది: గంట క్లాసుకి రెండు గంటలు. మీకు కష్టంగా ఉన్న రెండు సబ్జెక్టులకి దాన్ని యథాతథంగా పెట్టండి, 12 గంటలు. మిగతా మూడింటికి గంటకి గంట, 9. రెండు రికార్డులకి 3. మొత్తం 24.

ఇక పని. మీరు 18 అంటున్నారు కానీ అది జీతం వచ్చే గంటల లెక్క. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా లెక్కపెట్టండి. ఒక్కో షిఫ్టుకి రానూపోనూ గంటా 20 నిమిషాలు, ముందు పావుగంట, వెనక 20 నిమిషాలు, అంటే అదనంగా గంటా 55 నిమిషాలు. నాలుగు షిఫ్టులకి 7 గంటల 40 నిమిషాలు. మీ పని నిజంగా తీసుకునేది వారానికి 25 గంటల 40 నిమిషాలన్నమాట. ఇంకోలా చెప్పాలంటే మీ చేతికొచ్చే గంట జీతం వాళ్ళు చెప్పినదాంట్లో 70 శాతమే. వేరే పని వెతికితే ఈ కొలతతోనే పోల్చుకోండి. జీతం కాస్త తక్కువైనా కాలేజీ పక్కనే ఉన్న పని నెగ్గే సందర్భాలు చాలా ఉంటాయి. క్యాష్ లెక్క చూసే ఆ 20 నిమిషాలకి జీతం కడుతున్నారో లేదో కూడా అడగండి. అది పనే, కట్టాలి.

అన్నీ కూడితే 146 గంటల 40 నిమిషాలు. ఇంకా 21 గంటలు మిగలాలి. మరి కాగితం మీద అంత మిగులు కనిపిస్తుంటే మూడు ప్రయోగాలు ఎలా వెనకబడ్డాయి?

మీ షిఫ్టులు ఎక్కడ పడ్డాయో చూడండి. ల్యాబులు బుధ, శుక్రవారాల పొద్దున. దుకాణం మూసే షిఫ్టులు మంగళ, గురువారాల రాత్రి. 10కి షిఫ్టు అయితే ఇంటికి చేరేసరికి 11, తిని నడుం వాల్చేసరికి పన్నెండున్నర. 8:30 ల్యాబు కోసం ఆరున్నరకి లేవాలి. ఆరు గంటల నిద్ర, మూడు గంటల నిలబడే ల్యాబు, ఆ తర్వాత థియరీ క్లాసులు. బుధవారం సాయంత్రం కళ్ళు మూతలు పడకపోతేనే వింత. మంగళవారం షిఫ్టు మంగళవారంతో అయిపోవడం లేదు, బుధవారం సాయంత్రాన్ని కూడా మింగేస్తోంది. గురువారం షిఫ్టు శుక్రవారాన్ని మింగుతోంది.

దీన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. విడి గంటలు వదిలేసి, బుర్ర పనిచేసే స్థితిలో ఏకంగా 90 నిమిషాలు దొరికే విడతలు వారానికి ఎన్నో లెక్కపెట్టండి. కష్టమైన సబ్జెక్టులకి కావలసిన 12 గంటలంటే అలాంటివి 8. మీకు ఇప్పుడు కాగితం మీద ఉన్నవి 10: సోమ, బుధ, శుక్రవారాల సాయంత్రం రెండేసి, సోమ, మంగళ, గురువారాల పొద్దున ఒక్కోటి, ఆదివారం సాయంత్రం ఒకటి. అందులో బుధ, శుక్రవారాల నాలుగూ నిద్రమత్తులో పోతున్నాయి. మిగిలేవి 6. కావలసినవి 8. మీ సమస్య మొత్తం ఆ రెండు విడతల్లోనే ఉంది.

కాబట్టి 18 గంటలు ఎక్కువా అంటే, ఇప్పుడున్న అమరికలో ఎక్కువ. ఇలా మార్చి చూడండి: సోమవారం 5:30 నుంచి 10, శనివారం 3 నుంచి 9:30, ఆదివారం 10 నుంచి 5. నాలుగున్నర, ఆరున్నర, ఏడు కలిపి అవే 18 గంటలు. ఒక షిఫ్టు తగ్గింది కాబట్టి ప్రయాణంలో, క్యాష్ లెక్కల్లో గంటా 55 నిమిషాలు మిగిలాయి. సోమవారం రాత్రి ఆలస్యమైనా మంగళవారం క్లాసు 10కి కాబట్టి 8 దాకా పడుకోవచ్చు. మంగళ, బుధ, గురు, శుక్ర నాలుగు సాయంత్రాలూ వరసగా మీవి. వాటిలో విడతలు 8, సోమ, గురువారాల పొద్దున రెండు, ఆదివారం రాత్రి ఒకటి. మొత్తం 11, అవీ నిద్ర చాలిన విడతలు.

ఇంకో మాట. ఏ పనికైనా మనం వేసుకునే టైమ్ అంచనా తక్కువగానే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే దీని మీద రాశారు, ఎంత అనుభవం ఉన్నా ఇది పోదు. రెండు వారాల పాటు ప్రతి అసైన్‌మెంటుకీ అనుకున్నదెంత, పట్టిందెంత అని పక్కపక్కన రాసుకోండి. మీ సొంత గుణకం తెలిసేదాకా అంచనాని ఒకటిన్నరతో హెచ్చించి వేసుకోండి.

షిఫ్టు బోర్డు

మేనేజర్‌ని అడగడం గురించి, రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక) వేసేవాళ్ళ వైపు నుంచి చెబుతాను.

రోస్టర్ వేసేటప్పుడు ముందుగా పూరించేది తెరిచే షిఫ్టు, మూసే షిఫ్టు, రద్దీ గంటలు. ఆ తర్వాతే ఎవరికేం కుదురుతుందో చూస్తారు. అందుకే "నాకు మంగళవారం కుదరదు" అంటే ఎదుటివాళ్ళకి వినిపించేది ఒక్కటే, ఒక గడి ఖాళీ అయింది అని. "మంగళ, గురువారాలు తీసేయండి, శని, ఆదివారాలు పెద్ద షిఫ్టు చేస్తాను" అంటే రెండు గడులు ఖాళీ అయినా, అందరూ సెలవు అడిగే రోజుల్లో రెండు పెద్ద గడులు నిండాయి. ఇది ఇచ్చిపుచ్చుకునే బేరం. శని, ఆదివారాలే మీ చేతిలో ఉన్న సరుకు. దాన్ని ముందే ధారపోయకుండా మంగళ, గురువారాలకి బదులుగా పెట్టండి.

అడిగే సమయం ముఖ్యం. రోస్టర్ బోర్డు మీదకి ఎక్కాక అడిగితే అది మార్పు, దానికి ఇంకొకరిని బతిమాలాలి. ఎక్కకముందు అడిగితే అది సమాచారం. మీ దగ్గర రోస్టర్ ఆదివారం రాత్రి పెడతారనుకుంటే బుధ, గురువారాల్లో, కౌంటర్ దగ్గర జనం లేని వేళ, ఐదు నిమిషాలు కావాలని ముందే చెప్పి మాట్లాడండి. మాట్లాడిన రోజే అదే విషయం రాసి పంపండి. నోటిమాట రెండు వారాల్లో మరుపున పడుతుంది, మేనేజర్ మారితే అసలే ఉండదు.

రాసేది పొట్టిగా, టర్మ్ మొత్తానికి ఒకేసారి. ఇలా:

"నమస్కారం సార్. ఈ టర్మ్‌లో బుధ, శుక్రవారాలు పొద్దున 8:30కి నాకు ల్యాబులు ఉన్నాయి. కాబట్టి మంగళ, గురువారాల మూసే షిఫ్టులు చేయలేను. వాటికి బదులు సోమవారం మూసే షిఫ్టు, శనివారం 3 నుంచి 9:30, ఆదివారం 10 నుంచి 5 ప్రతి వారం చేస్తాను. మొత్తం గంటలు ఇప్పటిలాగే 18. పరీక్షల మూడు వారాల తేదీలు కింద రాశాను, ఆ వారాల్లో శనివారం షిఫ్టు ఒక్కటే చేయగలను. వచ్చే రోస్టర్ నుంచి ఇలా వేయగలరా?"

ఇందులో క్షమాపణలు లేవు, కష్టాల చిట్టా లేదు. ఏం కుదరదు, ఎందుకు, బదులుగా ఏమిస్తారు, ఎప్పటి నుంచి, అంతే. మేడమ్ అయితే మేడమ్ అనండి, మిగతాది ఇదే.

దెబ్బతినేవాళ్ళు మామూలుగా చేసే పొరపాట్లు కూడా చెప్పాలి. ప్రతి వారం వేరే వేరే రోజులు అడగడం ఒకటి. మూడో వారానికి మేనేజర్ మిమ్మల్ని ఆఖర్న, మిగిలిన గడుల్లో వేస్తారు. పరీక్ష ముందురోజు ఒంట్లో బాలేదని ఫోన్ చేయడం ఇంకోటి. ఒక్కసారి అలా చేస్తే తర్వాత నిజంగా జ్వరమొచ్చినా నమ్మరు. పరీక్ష తేదీలు నాలుగు నుంచి ఆరు వారాల ముందు ఇస్తే ఏ రోస్టర్‌లోనైనా సర్దొచ్చు, నాలుగు రోజుల ముందు ఇస్తే కుదరదు.

అడిగింది కాదంటే, షిఫ్టు మార్చుకునే మనిషిని మీరే వెతికి, ఆ మనిషి ఒప్పుకున్నట్టు రాతలో చూపించండి. మంగళవారం ఒక్కటే దొరికినా తీసుకోండి, గురువారం సంగతి నెల తర్వాత మళ్ళీ అడగొచ్చు.

తేదీ, మొదలైన టైమ్, అయిపోయిన టైమ్, విరామం, ఈ నాలుగూ ఒక చిన్న నోట్‌బుక్కులో ఏ రోజుకారోజు రాసుకోండి. జీతం వచ్చినరోజు దానితో సరిచూసుకోండి. స్టూడెంట్ వీసా మీద చదివేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ వీసా మీద వారానికో పక్షానికో గంటల హద్దు ఉంటే దాన్ని అరగంట కూడా దాటొద్దు. "ఈ ఒక్క వారానికి" అని మేనేజర్ అడిగినా సరే. వారం ఏ రోజున మొదలయినట్టు లెక్కిస్తారో కూడా చూసుకోండి.

తెల్లకాగితం

చదివే పద్ధతి గురించి. పనిచేస్తూ చదివేవాళ్ళకి టైమ్ రకరకాల ముక్కలుగా దొరుకుతుంది. ఏ ముక్కలో ఏ పని పెట్టాలో తెలియకపోతే ఉన్న టైమ్ కూడా వృథా అవుతుంది.

90 నిమిషాల విడతలు లెక్కలకి, ఫిజికల్ కెమిస్ట్రీకే ఉంచండి. వాటిలో నోట్స్ తిరగరాయడం, హైలైటర్‌తో రంగులద్దడం పెట్టకండి. మొదటి 10 నిమిషాలు కిందటి విడతలో చేసిన రెండు లెక్కలు చూడకుండా మళ్ళీ చేయండి. తర్వాత 65 నిమిషాలు కొత్తవి. ఒక లెక్క దగ్గర 12 నిమిషాలకి మించి ఇరుక్కుపోతే, సరిగ్గా ఎక్కడ ఆగారో ఒక వాక్యంలో రాసుకుని తర్వాతి దానికి వెళ్ళండి. ఆ వాక్యాన్నే మర్నాడు లెక్చరర్‌ని అడగండి. "ఈ చాప్టర్ అర్థం కాలేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. "ఇక్కడ ఘన పరిమాణం స్థిరం అని ఎందుకు తీసుకున్నారు" అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆఖరి 15 నిమిషాలు పుస్తకం మూసి, ఆ రోజు నేర్చుకున్న సూత్రాలు, వాటి షరతులు తెల్లకాగితం మీద రాసి, తెరిచి సరిచూసుకోండి.

ఈ మూసి రాయడాన్ని అలంకారం అనుకోకండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో, చదివినదాన్నే మళ్ళీ చదివినవాళ్ళు 5 నిమిషాల తర్వాతి పరీక్షలో ముందున్నారు. రెండు రోజులకీ వారానికీ పెట్టిన పరీక్షల్లో మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందుకొచ్చారు. మళ్ళీ చదువుతుంటే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ భ్రమే పరీక్షలో ముంచుతుంది. ఎక్కువ గంటలున్నవాళ్ళు ఆ భ్రమని మూడోసారి చదివి కప్పిపుచ్చుకోగలరేమో, మీకు ఆ వెసులుబాటు లేదు.

క్లాసుకీ క్లాసుకీ మధ్య దొరికే 40, 45 నిమిషాలు మిగతా మూడు సబ్జెక్టులవి. ఆ రోజు విన్న క్లాసుని అదే రోజు పావుగంట మూసి రాయడం. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన ఎబ్బింగ్‌హాస్ 1885లో అర్థంలేని అక్షరాల వరసలు తనే బట్టీపట్టి కొలిచి చూపించినట్టు, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. ఆ రోజు పావుగంట, మూడో రోజు పది నిమిషాలు, వారం తర్వాత ఐదు నిమిషాలు. ఈ అరగంట పెట్టకపోతే పరీక్షల ముందు అదే క్లాసుకి రెండు గంటలు పెట్టాల్సొస్తుంది.

ప్రయాణంలో 40 నిమిషాలు: నిర్వచనాలు, యూనిట్లు, రసాయన సమీకరణాలు రాసుకున్న కార్డులు. కుదుపుల్లో లెక్కలు చేయాలని చూడకండి, సగం చేసి వదిలేసిన లెక్క చిరాకే మిగుల్చుతుంది. నిలబడి ప్రయాణం చేసేవాళ్ళయితే కార్డులూ వద్దు, కళ్ళు మూసుకుని పొద్దుటి క్లాసుని వరసగా గుర్తు తెచ్చుకుంటే చాలు.

షిఫ్టు అయ్యాక, రాత్రి 11 తర్వాత కొత్త విషయం ఏదీ ముట్టుకోవద్దు. ఆ వేళకి చేతిపని మాత్రమే: రేపటి బ్యాగు, రికార్డు పుస్తకంలో పట్టిక గీతలు, గ్రాఫు అక్షాలు. అదీ 15 నిమిషాలు మించకుండా.

షిఫ్టుకి వెళ్ళేముందు చదువు ఆపేటప్పుడు ఒక చీటీ రాయండి: ఎక్కడ ఆగాను, తర్వాతి అడుగు ఏమిటి. సగంలో వదిలిన పని తర్వాతి పని చేస్తున్నప్పుడు కూడా తలలో మిగిలిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. కౌంటర్ దగ్గర చిల్లర తప్పుగా ఇవ్వడం, మర్నాడు పుస్తకం తెరిచి ఇరవై నిమిషాలు దిక్కులు చూడటం, రెండూ అక్కణ్ణుంచి వచ్చేవే. "సమీకరణం 4 సమాకలనం అయింది, హద్దులు వేయాలి" అన్నంత చిన్న చీటీ చాలు.

ఇప్పుడు రికార్డు. వెనకబడటానికి కారణం రాత ఎక్కువై కాదు, రాసే రోజు తప్పై. ల్యాబుకి ముందురోజు సాయంత్రం 30 నిమిషాల్లో ఉద్దేశం, సూత్రం, పరికరాలు, ఖాళీ పట్టిక రాసేయండి. పట్టికలో ప్రతి నిలువు వరస పైన యూనిట్ ఉండాలి. ల్యాబులో రీడింగులు నేరుగా అబ్జర్వేషన్ బుక్కులోనే, విడి కాగితాల మీద వద్దు. బయటికి వచ్చేముందు ఒక్క రీడింగుకి పూర్తి లెక్క అక్కడే వేసి చూడండి. బ్యూరెట్ చదవడంలో తప్పు జరిగితే ఆ లెక్కలోనే బయటపడుతుంది, ఇంకో టైట్రేషన్ చేయడానికి ఇంకా టైమ్ ఉంటుంది. అదే రోజు 45 నిమిషాల్లో గ్రాఫు, ఫలితం, పొరపాట్లకి కారణాలు. ఈ మూడూ అదే రోజు అయితే 45 నిమిషాల పని. వారం వదిలేస్తే తడిసి మోపెడవుతుంది: 23.4 అని రాసుంది కానీ అది మొదటి రీడింగో ఆఖరిదో గుర్తుండదు, పక్కవాళ్ళ పుస్తకం అడగాలి, రెండు గంటలైనా తేలదు.

ఇప్పటికే పేరుకున్న మూడింటినీ ఒకే రోజు కూర్చుని తీర్చాలనుకోకండి. లెక్కల కాపీ గారు చెప్పిన 11 విడతల్లో 8 కష్టమైన సబ్జెక్టులకి పోతే మిగిలేవి 3. వాటిలో వారానికి ఒకటి పాత ప్రయోగానికి ఇవ్వండి. కొత్తది ఆ రోజే రాస్తూ, పాతది వారానికొకటి. మూడు వారాల్లో బాకీ తీరుతుంది.

నిద్రమేలు

పైన చెప్పినవన్నీ బాగున్నాయి, ఒక్కచోట విభేదిస్తాను. ఆదివారం ఏడు గంటలు నిలబడి వచ్చాక రాత్రి 90 నిమిషాల విడత ఉంటుందని లెక్కల కాపీ గారు రాశారు. కాళ్ళు లాగుతుంటే లెక్కలు సాగవు. దాన్ని విడతగా లెక్కించకండి, కార్డులు తిరగేయడానికో వచ్చే వారం పనులు సర్దుకోవడానికో ఉంచండి. అప్పుడు విడతలు 10. అయినా సరిపోతాయి.

కాఫీ, టీ: కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. షిఫ్టులో రాత్రి 8కి తాగినదాంట్లో సగం ఒంటిగంటకి కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకున్నట్టే ఉంటుంది, పొద్దున బరువుగా లేస్తారు, మళ్ళీ కాఫీ. మూసే షిఫ్టున్న రోజు సాయంత్రం 4 తర్వాత మానేయండి.

కునుకు తీయాలంటే 20 నిమిషాలకి అలారం పెట్టి. ముప్పావుగంట, గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సొస్తుంది, ఆ మత్తు వదలడానికి ఇంకో అరగంట పోతుంది. వయోజనులకి చెప్పే నిద్ర రాత్రికి 7 నుంచి 9 గంటలు. నేర్చుకున్నది గట్టిపడేది కూడా నిద్రలోనే, కాబట్టి నిద్ర కోసి చదివిన గంటని చదువు ఖాతాలో వేసుకోకూడదు.

ఎప్పుడు షిఫ్టు తగ్గించుకోవాలో ఇప్పుడే, తల చల్లగా ఉన్నప్పుడే రాసి గోడకి అంటించండి. ఉదాహరణకి: రెండు వారాలు వరసగా సొంత చదువు 18 గంటల కంటే తగ్గితే, లేదా వారంలో మూడు రాత్రులు ఆరున్నర గంటల కంటే తక్కువ నిద్రపోతే, లేదా రికార్డు మళ్ళీ రెండు ప్రయోగాలు వెనకబడితే, వచ్చే రోస్టర్‌కి ఒక షిఫ్టు తగ్గించమని అడగాలి. అలసిపోయాక "ఇంకో వారం చూద్దాం" అనిపిస్తుంది, అలా చూస్తూనే పరీక్షలు వచ్చేస్తాయి. ఫెయిలైతే మళ్ళీ కట్టే ఫీజు, ఆలస్యమయ్యే డిగ్రీ కలిపి చూస్తే, తగ్గించుకున్న షిఫ్టు జీతం దానికి ఏ మూలకీ రాదు.

పరీక్షల మూడు వారాలు పూర్తిగా సెలవు పెట్టాలనుకుంటే డబ్బు ఇప్పటి నుంచే పోగేయాలి. 14 వారాల్లో 11 పనివి, 3 ఖాళీవి కాబట్టి ప్రతి జీతంలో 14లో 3 వంతులు, అంటే 21 శాతానికి కాస్త ఎక్కువ. 18 గంటలు చేస్తే వారానికి 14 గంటల జీతంతో గడిచిపోతుంది. మీరు చెప్పిన హద్దు సరిగ్గా అదే.

పని మార్చే ఆలోచన ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇంట్లోంచి ఎప్పుడైనా చేసుకోవచ్చనే పనులు సుఖంగా కనిపిస్తాయి కానీ వాటికి గేటు ఉండదు. మూడు గంటలనుకున్నది అర్ధరాత్రి దాకా సాగుతుంది. ట్యూషన్లు చెప్పేవాళ్ళు పాఠం తయారీ, పేపర్లు దిద్దడం కూడా గంటల్లో కలపాలి.

కొత్తకొమ్మ

అందరికీ చాలా చాలా థ్యాంక్సండీ. షిఫ్టు బోర్డు గారి నమూనా దాదాపు అలాగే రాసి పంపాను. మంగళ, గురువారాలు తీసేయడానికి ఒప్పుకున్నారు. సోమవారం మూసే షిఫ్టు, శనివారం 3 నుంచి 9:30 ఇచ్చారు. ఆదివారం మాత్రం పాత టైమే, 11 నుంచి 3:30. మధ్యాహ్నం నుంచి ఇంకొకరు ఉన్నారట. అంటే మొత్తం 15 గంటల 30 నిమిషాలు. పరీక్షల వారాల్లో శనివారం ఒక్కటే చాలన్నారు. 14 కంటే ఎక్కువే కాబట్టి సరిపోయినట్టేనా?

మంగళవారం 3:30కి కాలేజీ అయ్యాక లైబ్రరీలో 5 దాకా లెక్కలు, ఇంటికెళ్ళి ఫిజికల్ కెమిస్ట్రీ అనుకుంటున్నాను.

లెక్కల కాపీ

అమరిక బాగా కుదిరింది. ఆదివారం 4:30కల్లా ఇంట్లో ఉంటారు కాబట్టి నిద్రమేలు గారు కొట్టేసిన విడత మళ్ళీ బతికింది, 6 నుంచి 7:30 పెట్టుకోండి.

డబ్బు మాత్రం ఇంకా సరిపోలేదు. పని వారాల్లో 15.5, పరీక్షల మూడు వారాల్లో శనివారం 6.5 మాత్రమే. 11 వారాలకి 170.5, మూడు వారాలకి 19.5, కలిపి 190 గంటల జీతం. 14 వారాలకి పంచితే వారానికి 13 గంటల 34 నిమిషాలు. మీ హద్దుకి 26 నిమిషాలు తక్కువ.

ఆదివారం అరగంట ముందు, 10:30కి రానిమ్మని అడగండి. మధ్యాహ్నం వచ్చే మనిషితో పేచీ ఉండదు, మీకు పొద్దుట్లో పోయేదీ ఏమీ లేదు. అప్పుడు వారానికి 16. అందులో రెండు గంటల జీతం ప్రతివారం ముట్టుకోకుండా పక్కన పెడితే 11 వారాలకి 22 గంటల జీతం. పరీక్షల వారాల్లో ఒక్కోదానికి 7 గంటల 20 నిమిషాల జీతం అందులోంచి, 6 గంటల 30 నిమిషాల జీతం శనివారం షిఫ్టులోంచి, మొత్తం 13 గంటల 50 నిమిషాలు. ఆ పది నిమిషాల తేడాకి పరీక్షల వారాల్లో దుకాణానికి వెళ్ళే ప్రయాణఖర్చు తగ్గడమే సరిపోతుంది.

మంగళవారం లైబ్రరీలో లెక్కలకి ముందు ఒక అడ్డంకి ఉంది. బుధవారం పొద్దున ల్యాబు. ఆ ముందురాత 30 నిమిషాలూ మంగళవారం 3:30కే లైబ్రరీలో చేసేయండి, ఉద్దేశం నుంచి ఖాళీ పట్టిక దాకా. ఇల్లు చేరి, తిని, 5:30కి లెక్కలు మొదలుపెడితే 7 దాకా ఒక విడత, అరగంట ఆగి 9 దాకా ఫిజికల్ కెమిస్ట్రీ. గురువారం కూడా ఇదే వరస, శుక్రవారం ల్యాబు కోసం.